పాఠకుల ప్రశ్నలు: లినక్స్ కెర్నెల్‌లో ట్రేసింగ్ కోడ్ నిర్వహణ

కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగం) నడుస్తుండగానే దాని లోపల ఏ ఫంక్షన్ ఎప్పుడు పిలవబడింది, ఏ పని ఎంతసేపు ఆగింది అనే వివరాలను నమోదు చేసి చూపే యంత్రాంగాన్ని ట్రేసింగ్ అంటారు. లినక్స్‌లో ఆ బాధ్యత ప్రధానంగా ఎఫ్‌ట్రేస్‌ది. దాని గురించీ, దాన్ని నిలబెట్టుకొస్తున్న మెయింటైనర్ల పని గురించీ వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఎఫ్‌ట్రేస్ 2008లోనే కెర్నెల్‌లో చేరింది కదా. ఇన్నేళ్లుగా పనిచేస్తూ వస్తున్న కోడ్‌లో ప్రతి విడుదలకూ అన్ని మార్పులు ఎందుకు జరుగుతున్నాయి? కొత్త సౌకర్యాలేవీ చేర్చకపోతే మెయింటైనర్‌కు మిగిలే పని ఏమిటి?

జవాబు: మీరన్నట్టు ఎఫ్‌ట్రేస్ 2008 అక్టోబరులో విడుదలైన 2.6.27 వెర్షన్‌తో కెర్నెల్‌లోకి వచ్చింది. రియల్‌టైమ్ ప్యాచ్‌లలో (కెర్నెల్ సకాలంలో స్పందించేలా చేసే కోడ్ మార్పులలో) ఆలస్యాలను పట్టుకోవడానికి ఇంగో మోల్నార్ రాసిన ట్రేసర్‌లోనూ, స్టీవెన్ రోస్టెడ్ట్ తన అవసరానికి రాసుకున్న పరికరంలోనూ దాని మూలాలున్నాయి. ఇప్పుడు రోస్టెడ్ట్, మసామి హిరమాట్సు మెయింటైనర్లుగా ఉన్నారు.

మామూలు డ్రైవర్ తన డైరెక్టరీలో తాను ఉంటుంది. పక్క కోడ్ మారినా దానికి పెద్దగా పట్టదు. ట్రేసింగ్ పరిస్థితి వేరు. ఏ పని ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్‌లో, మెమరీ నిర్వహణలో, ఫైల్ సిస్టమ్‌లలో దాని ట్రేస్‌పాయింట్లు, అంటే ఏం జరిగిందో నమోదు చేయడానికి కోడ్‌లో ముందే పెట్టిన చోట్లు, ఉంటాయి. ఇవి కాక, ట్రేస్ చేయదగిన పదుల వేల ఫంక్షన్ల మొదట్లో కంపైలర్ చేత పెట్టించుకున్న చిన్న జాగా ఒకటి ఉంటుంది. ఎక్స్86 మీద ఆ జాగా అయిదు బైట్లు. ఆ అయిదు బైట్ల మీద ఆధారపడేది ఫంక్షన్ ట్రేసర్ ఒక్కటే అయితే ఇంత పని ఉండేది కాదు. కెర్నెల్‌ను ఆపకుండా సరిదిద్దే లైవ్ ప్యాచింగ్ అక్కడే తగులుకుంటుంది, కెర్నెల్ లోపల నడిపే చిన్న బీపీఎఫ్ ప్రోగ్రాములు అక్కడే చేరతాయి, నడుస్తున్న కెర్నెల్‌లో కోరిన చోట పరిశీలన పెట్టే కేప్రోబ్‌లు కూడా వీలున్నప్పుడు ఆ చోటునే వాడుకుంటాయి. కాబట్టి కంపైలర్‌లో ఒక కొత్త భద్రతా సౌకర్యం వచ్చినా, ఏదో ఒక ప్రాసెసర్ నిర్మాణంలో ఫంక్షన్ మొదలయ్యే తీరు మారినా, ఆ మార్పు చేసినవారికి ట్రేసింగ్ అనేది ఒకటుందని గుర్తులేకపోయినా, దెబ్బ తగిలేది ఇక్కడే. ట్రేసింగ్ మెయింటైనర్ సమయంలో పెద్ద భాగం తన కోడ్‌ను మార్చడానికి కాకుండా, ఇతరులు మార్చినప్పుడు తన కోడ్ నిలిచి ఉందో లేదో చూసుకోవడానికే ఖర్చవుతుంది.

అప్పుడప్పుడు ఇందుకు తలకిందుగానూ జరుగుతుంది. ఈవెంట్‌లో (ట్రేస్‌లో నమోదయ్యే ఒక్కో సంఘటనలో) అక్షరమాలను (స్ట్రింగ్‌ను) భద్రపరచే ఒక మాక్రోకు చాలాకాలం రెండు ఆర్గ్యుమెంట్లు ఇవ్వాల్సి ఉండేది. రెండోదాన్ని అప్పటికే మరోచోట చెప్పి ఉంటారు కనుక అది అనవసరం. 2024లో వచ్చిన 6.10లో దాన్ని తీసేశారు. మార్పు చిన్నదే, కానీ ఆ మాక్రోను వాడే చోట్లు కెర్నెల్ సోర్సు అంతటా వందలాదిగా ఉన్నాయి. ఇలాంటి మార్పును స్క్రిప్టుతో ఒకేసారి చేసి, తక్కినవాళ్ల ప్యాచ్‌లతో గొడవ పడకుండా ఉండే సమయం చూసి పంపాలి. విడుదల చక్రం తొమ్మిది పది వారాలే. అందులో కొత్తవాటికి తలుపు తెరిచి ఉండేది మొదటి రెండు వారాలు మాత్రమే.

ప్రశ్న: మా ఉపవ్యవస్థలో రెండు కొత్త ట్రేస్‌పాయింట్లు చేర్చే ప్యాచ్ పంపితే, "తరవాత తీసివేయలేం" అన్న కారణంతో అక్కడి మెయింటైనర్ తిరస్కరించారు. డీబగ్గింగ్ కోసం పెట్టేదాన్ని ఎందుకు తీసివేయలేరు? ఇది మితిమీరిన జాగ్రత్త కాదా?

జవాబు: కాదనే మా అభిప్రాయం, అయితే మీ విసుగు మాకు అర్థమవుతోంది.

యూజర్ స్పేస్‌లో, అంటే కెర్నెల్ బయట, నడుస్తున్న ప్రోగ్రామును కొత్త కెర్నెల్ చెడగొట్టకూడదు అన్నది లినక్స్‌లో రాజీలేని నియమం. ట్రేస్‌పాయింట్ ఆ నియమం కిందికి వస్తుందా రాదా అన్న చర్చను 2011లో ఒక సంఘటన తేల్చింది. అప్పట్లో ప్రతి ట్రేస్ ఈవెంట్ మొదట్లో, బిగ్ కెర్నెల్ లాక్ (కెర్నెల్ మొత్తానికీ ఒకటే ఉన్న పాత తాళం) ఎంత లోతుగా పట్టుబడి ఉందో చెప్పే నాలుగు బైట్ల గడి (ఫీల్డ్) ఒకటి ఉండేది. 2.6.39 నాటికి ఆ లాక్‌నే కెర్నెల్ నుంచి పూర్తిగా తొలగించారు గనుక, ఆ గడిని కూడా తీసేశారు. తీసేయగానే పవర్‌టాప్ అనే విద్యుత్ వినియోగ పరికరం తప్పుడు అంకెలు చదవడం మొదలుపెట్టింది. ఏ గడి ఎక్కడుందో కెర్నెల్‌ను అడిగి తెలుసుకునే వీలున్నా, పవర్‌టాప్ ఆ స్థానాలను తన కోడ్‌లో నేరుగా రాసేసుకుంది. నాలుగు బైట్లు పోయేసరికి తక్కినవన్నీ ముందుకు జరిగాయి. తప్పు పవర్‌టాప్‌దే అని వాదించవచ్చు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ వాదన ఒప్పుకోలేదు. ఫలితంగా ఆ చోట ఏ అర్థమూ లేని నాలుగు బైట్ల ఖాళీని మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అంటే కోట్లాది ఈవెంట్లు నమోదయ్యే బఫర్‌లో ఒక్కో ఈవెంట్‌కు నాలుగు బైట్లు వృథా. పవర్‌టాప్ సరైన లైబ్రరీకి మారి, పాత రూపం వాడుక తగ్గాకే ఆ ఖాళీని వదిలించుకోగలిగారు.

కెర్నెల్‌ను అడిగి తెలుసుకోవడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చూద్దాం. ట్రేసింగ్‌ను ఫైళ్ల రూపంలో చూపే ట్రేస్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి ఈవెంట్‌కూ ఒక డైరెక్టరీ, అందులో 'ఫార్మాట్' అనే ఫైల్ ఉంటాయి. 'షెడ్_స్విచ్' ఈవెంట్ ఫార్మాట్ తెరిస్తే, ప్రాసెసర్‌ను వదిలి వెళుతున్న పని పేరు ఆఫ్‌సెట్ (మొదటి నుంచి దూరం) 8 దగ్గర 16 బైట్లు, దాని గుర్తింపు సంఖ్య ఆఫ్‌సెట్ 24 దగ్గర 4 బైట్లు అని వరుసగా కనిపిస్తాయి. ఈ ఫైల్‌ను చదివి నడుచుకునే పరికరానికి గడులు అటూ ఇటూ జరిగినా ఇబ్బంది లేదు. కానీ ఆ గడి పేరే పోతే, లేదా ఆ ఈవెంటే మాయమైతే, ఏ లైబ్రరీ కాపాడగలదు? మీ మెయింటైనర్ భయం అదే. లోపలి అమరికను రేపు తిరగరాయాలనుకుంటే, మీ రెండు ట్రేస్‌పాయింట్లు చూపించే సంగతి అప్పటికి లేకుండా పోవచ్చు. అయినా ఎవరో ఒకరి డ్యాష్‌బోర్డు దాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఈ చిక్కుకు షెడ్యూలర్ మెయింటైనర్లు ఒక మధ్యేమార్గం కనుక్కున్నారు. 2019 నాటి 5.3లో లోడ్ లెక్కింపుకు సంబంధించి కొన్ని ట్రేస్‌పాయింట్లను చేర్చారు. అయితే వాటికి ట్రేస్‌ఎఫ్‌ఎస్‌లో డైరెక్టరీ లేదు, ఫార్మాట్ ఫైల్ లేదు. కోడ్‌లో తగులుకోవడానికి కొక్కెం మాత్రం ఉంటుంది. కావలసినవారు తమ మాడ్యూల్ నుంచి దానికి తగులుకోవచ్చు, కానీ యూజర్ స్పేస్‌కు ఏ మాటా ఇచ్చినట్టు కాదు. మీ ప్యాచ్‌ను ఈ రూపంలోకి మార్చి మళ్లీ పంపి చూడండి. అదీ కుదరకపోతే, మీకు కావలసిన ఫంక్షన్ మీద నడుస్తున్నప్పుడే కేప్రోబ్ ఈవెంట్ పెట్టుకోవచ్చు. ఫంక్షన్ పేరు మారితే అది పనిచేయదు, ఆ సంగతి వాడేవారికి ముందే తెలుసు గనుక ఎవరూ ఫిర్యాదు చేయరు.

ప్రశ్న: ట్రేసింగ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా సిస్టమ్ మీద భారం పడుతుందా? నడుస్తున్న కెర్నెల్ కోడ్‌ను మార్చడం ప్రమాదం కాదా?

జవాబు: మొదటిదానికి జవాబు చిన్నది: దాదాపు పడదు. పైన చెప్పిన అయిదు బైట్లలో ఆఫ్‌లో ఉన్నప్పుడు ఏ పనీ చేయని నాప్ ఆదేశం ఉంటుంది. ట్రేస్‌పాయింట్ల విషయంలోనూ అంతే. ఆన్ చేసినప్పుడే ఆ నాప్ ట్రేసింగ్ కోడ్‌కు తీసుకెళ్లే ఆదేశంగా మారుతుంది.

రెండోది నిజంగా ప్రమాదమే, ఎఫ్‌ట్రేస్ తొలి విడుదలలోనే అది రుజువైంది. 2.6.27 సిద్ధమవుతున్న రోజుల్లో కొందరి ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులలోని శాశ్వత మెమరీ చెడిపోయి, కార్డులు పనికిరాకుండా పోయాయి. అందరి అనుమానమూ ఈ1000ఈ డ్రైవర్ మీదికే వెళ్లింది. చివరకు తేలిందేమిటంటే, అప్పటి ఎఫ్‌ట్రేస్ ఏ ఫంక్షన్ పిలవబడితే దాని చిరునామా గుర్తుపెట్టుకుని, కొంచెంసేపయ్యాక అక్కడి కోడ్‌ను నాప్‌గా మార్చేది. మాడ్యూల్ ప్రారంభ కోడ్ పని అయిపోగానే దాని మెమరీ విడుదలవుతుంది. అదే చిరునామాలోకి ఈ డ్రైవర్ కార్డు ఫ్లాష్ మెమరీని మ్యాప్ చేసుకుంది. ఎఫ్‌ట్రేస్ అక్కడికి వెళ్లి, పాత కోడ్ ఉంటేనే మార్చమనే 'పోల్చి మార్చు' ఆదేశం వాడింది. పాత కోడ్ లేదు, పోలిక కుదరలేదు. అయినా ఆ ఆదేశం ప్రాసెసర్ స్థాయిలో ఉన్న విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల నష్టం లేదు, ఫ్లాష్ మెమరీలో మాత్రం ఆ ఒక్క రాత చాలు. 2.6.27.1లో ఈ సౌకర్యాన్ని ఆపేసి, 2.6.28 నుంచి పద్ధతినే మార్చారు: మార్చదగిన చోట్ల జాబితా ఇప్పుడు కంపైల్ చేసేటప్పుడే తయారవుతుంది.

మార్చే తీరు కూడా ఇప్పుడు ఎంతో జాగ్రత్తగా ఉంటుంది. ఎక్స్86 మీద ముందుగా మొదటి బైట్‌ను బ్రేక్‌పాయింట్‌గా మారుస్తారు, తరవాత మిగిలిన నాలుగు బైట్లు రాస్తారు, చివరగా మొదటి బైట్‌ను సరిచేస్తారు. ప్రతి అడుగు తరవాత ప్రాసెసర్లన్నీ ఆ మార్పును గుర్తించేలా చూస్తారు. ఈలోగా ఏ ప్రాసెసరైనా అక్కడికి వస్తే బ్రేక్‌పాయింట్ దాన్ని క్షేమంగా అవతలికి దాటిస్తుంది. అయిదు బైట్లు ఊరికే రాసేస్తే, సగం పాతదీ సగం కొత్తదీ అయిన ఆదేశాన్ని ఇంకో ప్రాసెసర్ నడిపే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: నేను రాసిన ట్రేస్ ఈవెంట్ నమోదయ్యేటప్పుడు ఏ సమస్యా లేదు. కొన్ని గంటల తరవాత ట్రేస్ ఫైల్‌ను చదివితే చెత్త అక్షరాలు వస్తున్నాయి, ఒకసారి కెర్నెల్ కూడా క్రాష్ అయింది. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: మీ కోడ్ చూడకుండానే చెప్పగలిగినంత తరచుగా ఎదురయ్యే లోపం ఇది. ఈవెంట్ నిర్వచనంలో ఒక భాగం ఈవెంట్ జరిగిన క్షణంలో నడిచి, విలువలను రింగ్ బఫర్‌లోకి (వలయంలా తిరిగి తిరిగి వాడే నిల్వలోకి) కాపీ చేస్తుంది. ముద్రించే భాగం ఎవరో ఫైల్‌ను చదివినప్పుడు నడుస్తుంది, అది మైక్రోసెకను తరవాత కావచ్చు, మర్నాడు కావచ్చు. మీరు బహుశా హార్డ్‌వేర్ పరికరం పేరును కాపీ చేయకుండా దాని పాయింటర్‌ను (మెమరీ చిరునామాను) మాత్రమే బఫర్‌లో పెట్టి, ముద్రించే చోట ఆ పాయింటర్ వెంట వెళ్లి ఉంటారు. అప్పటికి ఆ పరికరం తొలగిపోయి, ఆ మెమరీని మరెవరో వాడుకుంటూ ఉంటారు.

పేరునే బఫర్‌లోకి కాపీ చేసేలా అక్షరమాల మాక్రోలు వాడితే సమస్య పోతుంది. ఇంకో కారణం వల్ల కూడా అదే సరైన పద్ధతి: పెర్ఫ్, ట్రేస్-కమాండ్ వంటి పరికరాలు బఫర్‌ను ముడి రూపంలోనే తీసుకుని యూజర్ స్పేస్‌లో అర్థం చేసుకుంటాయి, కెర్నెల్ పాయింటర్ వాటికి ఏ విధంగానూ పనికిరాదు. ఇలాంటి ఈవెంట్లను సమీక్షలో కంటితో పట్టుకోవడం కష్టమని తేలాక, కెర్నెల్‌లోనే తనిఖీలు పెట్టారు. ఈవెంట్ నిర్వచనం కెర్నెల్‌లో చేరేటప్పుడే కెర్నెల్ దాని ముద్రణ సూత్రాన్ని పరిశీలించి, పాయింటర్ వెంట వెళ్లే పోకడ కనిపిస్తే హెచ్చరిస్తుంది. చదివేటప్పుడు కూడా అక్షరమాల బఫర్‌లోపలిదో కాదో చూస్తుంది. మీ కెర్నెల్ లాగ్‌ను ఒకసారి వెతికి చూడండి, ఆ హెచ్చరిక అప్పటికే వచ్చి ఉండవచ్చు.

ప్రశ్న: ట్రేసింగ్ కోడ్ తనను తానే ట్రేస్ చేసుకుంటూ పోతే అంతం ఎక్కడ?

జవాబు: ట్రేసింగ్ డైరెక్టరీలోని ఫైళ్లకు ఆ అయిదు బైట్ల జాగా పెట్టవద్దని మేక్‌ఫైల్‌లోనే కంపైలర్‌కు చెబుతారు. అయినా ట్రేసర్ బయటి ఫంక్షన్‌ను పిలవవచ్చు కదా. అందుకే మామూలు కోడ్, సాఫ్ట్ ఇంటరప్ట్, ఇంటరప్ట్, ఎన్‌ఎంఐ (ఆపడానికి వీల్లేని ఇంటరప్ట్) అనే నాలుగు సందర్భాలకు వేరువేరు బిట్లు ఉంటాయి. ఒక సందర్భంలో ట్రేసర్ నడుస్తుండగా అదే సందర్భంలో మళ్లీ ప్రవేశిస్తే వెనక్కు పంపేస్తుంది. ఇంటరప్ట్ వచ్చి పైనుంచి ప్రవేశిస్తే మాత్రం అనుమతిస్తుంది, ఎందుకంటే అది నిజంగా నమోదు చేయదగిన కొత్త సంగతి.

ప్రశ్న: సీ భాష బాగా వచ్చు, కెర్నెల్ కొత్త. ఈ కోడ్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కెర్నెల్ సోర్సులో స్వీయ పరీక్షల డైరెక్టరీ కింద ఎఫ్‌ట్రేస్‌కు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. అందులోని పరీక్షలు షెల్ స్క్రిప్టులు. ఒక్కొక్కటి ట్రేస్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లలో ఏదో రాసి, ఏం వచ్చిందో చూస్తుంది. వర్చువల్ మెషిన్‌లో తాజా కెర్నెల్ వేసుకుని వాటిని నడపండి, ఒక్కో స్క్రిప్టు చదువుతూ అది కదిపే కోడ్‌ను వెతుక్కోండి. పరీక్ష లేని ఫైల్ దొరికితే దానికి పరీక్ష రాసి పంపవచ్చు. లోపం సరిచేస్తే మాత్రం, ఆ లోపాన్ని తెచ్చిన కమిట్ (కోడ్ చరిత్రలో నమోదైన మార్పు) ఏదో వెతికి 'ఫిక్సెస్' అనే వరుసలో తప్పక రాయండి. పాత స్థిర విడుదలలను చూసుకునేవారు ఏ ప్యాచ్‌ను ఎంత వెనక్కు తీసుకెళ్లాలో ఆ వరుసను బట్టే నిర్ణయించుకుంటారు. అది లేని ప్యాచ్‌ను మెయింటైనర్ తిప్పి పంపే అవకాశమే ఎక్కువ.