వీలునామాకు రిజిస్ట్రేషన్ కాదండీ, గట్టి సాక్షి కావాలి

నాన్నగారు తెల్లకాగితం మీద వీలునామా రాసి పోయారు, రిజిస్టర్ చేయించలేదు, పైగా బ్యాంకులో నామినీగా తమ్ముడి పేరుంది, ఇప్పుడా కాగితం చెల్లుతుందా అని మీరు అడిగారు.

చెల్లుతుంది. స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ మన ఇష్టమని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు చేతికి తీసుకునే మనిషే కానీ సొంతదారు కాడు. డిపాజిట్ల మీద సుప్రీంకోర్టు 2010లో ఈ మాట చెప్పింది, షేర్ల మీద 2023లో మళ్లీ చెప్పింది. ఇన్సూరెన్స్ పాలసీల లెక్క మాత్రం వేరు. 2015లో చట్టం మార్చాక భార్యో భర్తో, పిల్లలో, తల్లిదండ్రులో నామినీ అయితే ఆ డబ్బు సాధారణంగా వాళ్లదే. ఇక ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే పత్రం, తెచ్చుకోవాలని ఎవరో ఒకరు భయపెడతారు. అది మద్రాసు, బొంబాయి, కలకత్తాల కోసం పుట్టిన పాత నియమం, 2025లో దాన్నీ తీసేశారు. మన జిల్లాల్లో ఆస్తులున్న హిందూ కుటుంబాలకు అప్పుడూ తప్పనిసరి కాదు.

ఇదంతా ఏ లాయరైనా అయిదు నిమిషాల్లో చెబుతాడు. నేను రాయాలనుకున్నది సాక్షుల సంగతి. మీ ప్రశ్నలో వాళ్ల ఊసే లేదు.

మా పెదనాన్న తెనాలి దగ్గర రైసు మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇల్లు ఆయన స్వార్జితం. ఇద్దరు అన్నయ్యలు, ఒక అక్క. పెద్దమ్మ పోయాక ఆరేళ్లు ఆయన్ని చూసుకున్నది అక్కే కాబట్టి ఇల్లు అక్కకి రాశాడు. లేఖరి దగ్గరికి కూడా వెళ్లలేదు. తన దస్తూరీతోనే రెండు అరఠావులు రాసి, రోజూ పొద్దున కాఫీ హోటల్లో కూర్చునే ఇద్దరు స్నేహితుల్ని ఇంటికి పిలిచి సాక్షి సంతకాలు పెట్టించాడు. ఇద్దరికీ ఆయన వయసే, డెబ్బై అయిదు దాటింది! డెబ్బై అయిదేళ్ల మనిషి రాసే విల్లుకి డెబ్బై అయిదేళ్ల సాక్షులేమిటని ఒక్కరం కూడా అనలేదు. మన దగ్గర సాక్షి అంటే పెద్దమనిషి, పెద్దమనిషి అంటే జుట్టు నెరిసినవాడు. అంతకుమించి ఆలోచించం.

ఆయన పోయిన పదకొండో రోజునే గొడవ మొదలైంది. భోజనాల దగ్గర ఎవరో దూరపు మామయ్య "ఇల్లు ఎవరికి రాశాడ్రా?" అన్నాడు. ఇలాంటి మామయ్య ప్రతి ఇంట్లో ఒకడుంటాడు, పప్పులో నెయ్యి వేసుకుంటూ నిప్పు పెట్టి పోతాడు. ఏడాది తిరక్కుండా అన్నయ్యలు భాగాల దావా వేశారు. వీలునామా లేకపోతే ముగ్గురికీ సమానమే. కాబట్టి అక్క కేసంతా ఆ రెండు అరఠావుల మీదే ఉంది.

అక్క వాటిని ఎంత భద్రంగా దాచిందంటే, లామినేషన్ చేయించింది. ఆ జిరాక్స్ షాపువాళ్లని ఏమనాలో నాకు తెలియదు. పది రూపాయలు వస్తాయంటే పెళ్లి శుభలేఖకైనా ప్లాస్టిక్ తొడుగుతారు. కోర్టులో దాని వెనక, సాక్ష్యంగా తీసుకున్నట్టు వేసే ఎగ్జిబిట్ ముద్ర వేద్దామంటే ఇంకు పట్టదు. అవతలి లాయరు లేచి, ఇంకు పరీక్షకు వీల్లేకుండా కావాలనే చేశారన్నాడు. మా అక్కకి ఇంకు పరీక్ష అనేదొకటి ఉంటుందని కూడా తెలియదు.

మా సాక్ష్యం వంతు నాలుగో ఏడాదికి వచ్చింది. అప్పటికి ఒక సాక్షి పోయాడు. రెండో ఆయన రిటైర్డు మాస్టారు, తుంటి విరిగి మంచంలో ఉన్నారు. వీలునామాను నిరూపించాలంటే బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరు చెప్పి తీరాలి. ఇద్దరూ లేకపోతే చేతిరాతలూ సంతకాలూ పోల్చి చూపించుకోవచ్చు కానీ అది ఇంకో యాతన. కోర్టు తన తరఫున సాక్ష్యం రాసుకోవడానికి ఒక లాయర్ని అడ్వకేట్ కమిషనర్‌గా వేసి మాస్టారింటికే పంపింది.

నేనూ వెళ్లాను. చిన్న గది. మంచం పక్కన స్టూలు మీద మందుల డబ్బా, దాని మీదే టైపిస్టు లాప్‌టాప్ పెట్టుకున్నాడు. మాస్టారి చెవిమిషన్ కీచుమంటోంది. అవతలి లాయరు చాలా మర్యాదగా అడిగాడు: "మాస్టారూ, ఆయన మీ కళ్లెదుట సంతకం పెట్టారా?"

"పెట్టే ఉంటాడండీ."

నా గుండె జారిపోయింది. పెట్టాడు అనడం వేరు, పెట్టే ఉంటాడు అనడం వేరు. 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం సాక్షి ఆ సంతకం పెడుతుండగా చూసి ఉండాలి, లేదా ఇది నా సంతకమే అని రాసినాయన నోట విని ఉండాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తన సంతకం పెట్టాలి. ఊహలకి చోటు లేదు. టైపిస్టు ఆ ముక్క టకటకా కొట్టేశాడు.

లాయరు ఇంకో అడుగు వేశాడు. "అంటే మీరు చూడలేదన్నమాట."

దాంతో మాస్టారికి కోపం వచ్చింది. "చూడకపోవడమేమిటయ్యా? నా పెన్నుతోనేగా పెట్టాడు! క్యాపు ఎక్కడో పారేసి ఉత్త పెన్ను చేతిలో పెట్టాడు. చొక్కా జేబంతా ఇంకే. మా ఆవిడ వారం రోజులు తిట్టింది." గుమ్మం దగ్గర ఉన్న మామ్మగారు అవునన్నట్టు తలూపారు. ఆవిడ తలూపడం సాక్ష్యం కిందకి రాదనుకోండి.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ కదపలేకపోయారు. మా అక్క ఆ రోజు అందరికీ కాఫీ ఇచ్చిందన్న మాట పట్టుకుని, లబ్ధిదారు పక్కనే నిలబడి రాయించిందని లాయరు సాగదీశాడు. అది ఉత్త సాగదీతేం కాదు. అనుమానాలుంటే తీర్చాల్సిన భారం వీలునామా చూపించినవాళ్లదేనని 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరికి రాస్తున్నామో వాళ్లని ఆ పూట గుడికో సినిమాకో పంపేయాలి. కాఫీ హోటలు నుంచి తెప్పించుకోవచ్చు.

చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. అక్క ఇల్లు ఉంచుకుని అన్నయ్యలకి కొంత డబ్బిచ్చింది. మాస్టారు ఆ వేసవిలోనే పోయారు. రాజీ పేపరు ఆయన చూడలేదు.

రిజిస్టర్ చేయిస్తే ఈ బాధలుండవని కింద కామెంట్లలో ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు. చేయిస్తే మంచిదే, వీలునామాకు స్టాంపు డ్యూటీ కూడా లేదు. కానీ రిజిస్టర్ చేసినా సాక్షి రావాల్సిందే, సబ్ రిజిస్ట్రారు ముద్ర మాస్టారి నోటికి బదులు కాదు. అందుకే నా వీలునామాకి మా కాలనీ మెడికల్ షాపు కుర్రాణ్నీ, పక్కింటి టీచరమ్మనీ పెట్టాను. ఇద్దరికీ నలభై లోపే. వాళ్ల ఆధార్ నంబర్లు కూడా రాయించాను. మా ఆవిడకి అది అతిగా అనిపించింది.

మీ నాన్నగారి కాగితం మీద సంతకాలు చేసిన ఇద్దరూ ఎవరు, ఎక్కడున్నారు, వాళ్లకెంత వయసు? తమ్ముడితో మాట్లాడేది తర్వాత. ముందు వాళ్లకి ఫోన్ చేయండి. అసలు కాగితాన్ని మామూలు కవర్లో పెట్టండి, జిరాక్స్ షాపువాడు ఏం చెప్పినా వినకండి.