ప్రోటీన్లు విరుగుతాయా, తెగుతాయా, విప్పుకుంటాయా?

సందేహం: సైన్సు పాఠాల్లో ‘గుడ్డు ఉడికితే ప్రోటీన్లు విరిగిపోతాయి’ అనీ, ‘తిన్న ప్రోటీన్లు జీర్ణకోశంలో విరిగిపోతాయి’ అనీ రాస్తున్నారు. పాలు విరగడానికీ ప్రోటీన్లే కారణమంటారు. మూడు చోట్లా ఒకే క్రియను వాడటం సరైనదేనా? (తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం బోధించే ఒక ఉపాధ్యాయురాలు)

సమాధానం: సరైనది కాదు. మూడు సందర్భాల్లో జరిగేవి మూడు వేర్వేరు పనులు. వాటిని వేరుచేసి చెప్పగల క్రియలు తెలుగులో ముందే ఉన్నాయి. కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, తాడు తెగుతుంది. వస్తువు స్వరూపాన్ని బట్టి క్రియ మారడం మన భాషకు సహజం. కాబట్టి ముందుగా ప్రోటీన్ స్వరూపమేమిటో చూడాలి.

ప్రోటీన్ ఒక గొలుసు. సాధారణంగా 20 రకాల అమైనో ఆమ్లాలు పెప్టైడ్ బంధాలతో వరుసగా కూడగా అది ఏర్పడుతుంది. ఆ వరుసనే ప్రాథమిక నిర్మాణం అంటారు. గొలుసు అక్కడక్కడ మెలికలుగా, పట్టీలుగా అమరడం ద్వితీయ నిర్మాణం, మొత్తం గొలుసు ఒక నిర్దిష్ట రూపంలోకి ముడుచుకోవడం తృతీయ నిర్మాణం. ఎంజైము (జీవుల్లో రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రోటీన్) చేసే పని ఈ ముడుపు మీదనే ఆధారపడి ఉంటుంది.

గుడ్డు ఉడికినప్పుడు వేడికి ఈ ముడుపును నిలిపే బలహీన బంధాలు సడలుతాయి, గొలుసు విప్పుకుంటుంది. అలా విప్పుకున్న గొలుసులు ఒకదానితో ఒకటి అల్లుకొని గడ్డకడతాయి. అమైనో ఆమ్లాల వరుస మాత్రం చెక్కుచెదరదు. అందువల్ల ఇక్కడ ‘విరిగిపోతాయి’ అనడం పొరపాటు. ‘విప్పుకొని గడ్డకడతాయి’ అనాలి. ఈ భేదం మాటల పట్టింపు కాదు. క్రిస్టియన్ అన్ఫిన్సెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త 124 అమైనో ఆమ్లాలున్న రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమును యూరియాతోనూ, గంధకపు బంధాలను విడదీసే మరో రసాయనంతోనూ పూర్తిగా విప్పి, తరువాత వాటిని తొలగించినప్పుడు, ఆ గొలుసు తనంతట తానే ముడుచుకొని మళ్ళీ పనిచేసింది. ముడుపుకు కావలసిన సమాచారం వరుసలోనే ఉందని తేల్చిన ఈ కృషికి 1972లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. పెప్టైడ్ గొలుసే ముక్కలై ఉంటే ఈ ఫలితం వచ్చేది కాదు. ‘విరిగిపోయింది’ అని చదువుకున్న పిల్లవాడికి ఈ ప్రయోగం ఎలా అర్థమవుతుంది?

జీర్ణకోశంలో జరిగేది దీనికి భిన్నం. అక్కడ పెప్సిన్, ట్రిప్సిన్ వంటి ఎంజైములు పెప్టైడ్ బంధాలనే తెంచుతాయి, గొలుసు ముక్కలవుతుంది. కాబట్టి ‘తెగుతాయి’ అనాలి. ‘తెగు’ అకర్మకం, ‘తెంచు’ సకర్మకం కనుక ‘ఎంజైము తెంచుతుంది, గొలుసు తెగుతుంది’ అని కర్తను స్పష్టంగా చూపవచ్చు. ‘అన్నం అరిగింది’ అన్నది మొత్తం ప్రక్రియకు చక్కని మాట. బంధం స్థాయిలో మాత్రం ‘తెగు’ కావాలి.

ఇక ‘పాలు విరిగాయి’ అన్నది నిర్దుష్టమైన ప్రయోగం, దాన్ని ఎవరూ దిద్దనక్కరలేదు. అయితే ఆ వాక్యంలో కర్త పాలు, ప్రోటీన్ కాదు. పాలలో కేసీన్ అనే ప్రోటీన్ కణాలు విడివిడిగా తేలుతూ ఉండటానికి వాటి ఉపరితలం మీది ఋణావేశం తోడ్పడుతుంది. నిమ్మరసం పడి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 4.6 వైపు దిగేకొద్దీ ఆ ఆవేశం తగ్గి, కణాలు ఒకచోట చేరి ముద్దలవుతాయి, నీరు వేరవుతుంది. కేసీన్‌కు మొదటి నుంచీ గట్టి ముడుపు లేదు గనుక ‘విప్పుకొను’ కూడా ఇక్కడ అంతగా పొసగదు. ‘పాలు విరిగాయి, కేసీన్ ముద్దకట్టింది’ అని రాస్తే వాడుకా నిలుస్తుంది, శాస్త్రమూ నిలుస్తుంది.

‘విడిపోవు’ను మరొక చోటికి దాచుకోవడం మంచిది. హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు కలిసి ఉంటాయి. ఇదే చతుర్థ నిర్మాణం. ఆ గొలుసుల మధ్య ఉన్నవి బలహీన బంధాలే కనుక అవి ‘విడిపోతాయి’ అంటే చాలు. ఇన్సులిన్‌లో అలా కాదు. 21, 30 అమైనో ఆమ్లాలున్న రెండు గొలుసులను గంధకపు బంధాలు గట్టిగా కలిపి ఉంచుతాయి. జీవరసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాంగర్ దాని వరుసను కనుగొనడానికి ముందుగా ఆ బంధాలను రసాయనంతో తొలగించవలసి వచ్చింది. కనుక అక్కడ ‘గంధకపు బంధాలు తెగి, గొలుసులు విడిపోయాయి’ అని రెండు క్రియలనూ వాడాలి.