రాణి చీమను చంపితే పసుపు చీమలు పోతాయా?

తోటలో పొడుగు కాళ్ళ పసుపు చీమలు పడ్డాయి, రాణిని వెతికి చంపితే చాలా అని అడిగారు. ఏ రాణిని చంపుతారండీ? ఎల్లో క్రేజీ యాంట్ అనే ఈ జాతిలో ఒక్కో గూటిలో చాలా రాణులుంటాయి.

మాది చిత్తూరు జిల్లా, బంగారుపాళెం దగ్గర పల్లె. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి మా ఆవు ఈనింది. మా అమ్మ వేడినీళ్ళు తేవడానికి పోయి వచ్చేలోపే, "నాయనా, దూడ మీద ఏందో పారతా ఉంది రా!" అని కేక. సెల్ లైట్ వేసి చూస్తే ఇంకా తడి ఆరని ముఖం, ముక్కు, కనురెప్పలు, అంతా చీమలే. వరస లేదు, దారి లేదు, పిచ్చెత్తినట్టు పరుగులు. ఇవి కుట్టవు, కడుపు కొసనుంచి ఫార్మిక్ యాసిడ్ అనే మంట పుట్టించే రసం చిమ్ముతాయి. దూడ కళ్ళు తెరవలేక తల విదిలిస్తుంటే అమ్మ ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా కడుగుతూనే ఉంది. ఎడమ కంటి మీద తెల్లపొర పడింది. పదిహేను రోజులు మందు వేస్తే తగ్గింది. 2022లో తమిళనాడులో దిండిగల్ దగ్గర కరంతమలై పల్లెల్లో కూడా పశువుల కళ్ళు పోయాయని పేపర్లలో వచ్చింది.

మందుల అంగడికి పోతే ముందు పొడి, తర్వాత స్ప్రే, ఆ తర్వాత ఇంకో స్ప్రే. ఏ చీమ, గూడు ఎక్కడ అని ఒక్కసారి అడగలేదు. తోతాపురికి రేటు లేని ఏడు అప్పు చేసి కొన్నాం అవన్నీ! పొడి చల్లిన చోటు ఖాళీ చేసి, రాణుల్ని వెంటబెట్టుకుని, నాలుగడుగుల అవతల రాయి కింద చేరాయి. ఈ జాతి ఎక్కువగా అలా నడిచే కొత్త చోట్లకు వ్యాపిస్తుంది. పక్క గూటితో కొట్లాట ఉండదు కాబట్టి మా తోట, గట్టు, పక్కవాళ్ళ తోట ఒకటే ఊరైపోయింది.

ముందు దాని తిండి పట్టండి. మామిడి రెమ్మల్లో పిండినల్లి అనే తెల్ల పురుగు వదిలే తీపి రసమే వాటికి అన్నం. ఆ రసం కోసం నల్లికి కాపలా కాస్తాయి, దాన్ని తినే అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానీయవు. ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ దీవిలో కోటికి పైగా ఎర్ర పీతల్ని చంపింది ఈ చీమలే. అక్కడ 2016 డిసెంబరులో మలేషియా నుంచి చిన్న కందిరీగను తెచ్చి, చీమలకు రసమిచ్చే లక్క పురుగుల మీదికి వదిలారు.

మేము డిసెంబరులో చెట్ల మొదళ్ళకు ప్లాస్టిక్ పట్టా చుట్టి గ్రీజు పూశాం. నేలకు తగిలే కొమ్మలు కొట్టేశాం, నల్లి పట్టిన రెమ్మలు కాల్చేశాం. రెండు కాపులకు చీమ బాగా తగ్గింది. ఆవు ఈనే నెలలో కొట్టంలో ఆకుచెత్త, పాత గోనెలు ఉంచం. అమ్మ మంచం కూడా అక్కడే వేసుకుంటుంది.