అక్క మాట ఒక్కటే వినకు తల్లీ

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో సీటొచ్చిందనీ, నవలలు రాసిన బ్రాంటీ అక్కచెల్లెళ్లు షార్లెట్, ఎమిలీ, ఆన్‌ల మీద పరిశోధన చేస్తావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో, టెన్షనూ అంతే.

ముందు నవలలు చదువు, జీవితచరిత్రలు తర్వాత. లీడ్స్ నుంచి కీత్లీ దాకా రైల్లో, అక్కణ్ణించి బస్సులో హావర్త్ వెళ్లి వాళ్ల ఇల్లు చూసిరా. షార్లెట్ గురించి ఆమె స్నేహితురాలు గ్యాస్కెల్ 1857లో రాసిన పుస్తకం చదువు. కానీ బ్రస్సెల్స్‌లో తనకి చదువు చెప్పిన మాస్టారి మీద షార్లెట్ పెంచుకున్న ప్రేమ అందులో ఉండదు. ఆ ఉత్తరాలు 1913లో గానీ అచ్చు కాలేదు.

నేను చేసిన తప్పు మాత్రం నువ్వు చెయ్యకు. ఎం.ఫిల్.కి నేను వాళ్లలో చిన్నదైన ఆన్ రాసిన 'ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్' తీసుకున్నాను. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీ. మొదటి అధ్యాయంతో శుభ్రంగా మొదలైంది, పేజీలేవీ చిరగలేదు. కథ చెప్పేవాడు మధ్యలో ఉన్నట్టుండి "హాల్‌ఫర్డ్" అని ఎవరినో పిలుస్తాడు. అతనెవరో చెప్పడం కూడా ఆన్‌కి చేతకాలేదని పేజీలకు పేజీలు రాశాను. వైవాలో ప్రశ్నలడిగే పెద్దాయన మెల్లగా అడిగారు, "హాల్‌ఫర్డ్‌కి రాసిన ఉత్తరం చదివావా అమ్మా?" అని. నాకు నోట మాట రాలేదు.

ఆ నవలంతా కథ చెప్పే గిల్బర్ట్ తన చెల్లెలి భర్త హాల్‌ఫర్డ్‌కి రాసినదే. మొదట్లోనే ఆ ఉత్తరం ఉంటుంది. మూడు సంపుటాల నవలని 1854లో లండన్‌లో ఒకే సంపుటంగా వేస్తూ దాన్ని తీసేశారు. ఆ తర్వాత చాలా ముద్రణలు ఆ కత్తిరించిన ప్రతినే అనుసరించాయి. నా చేతికొచ్చింది అలాంటిదే.

ఎందుకు అనుమానం రాలేదో తెలుసా? చెల్లెలు ఆ కథావస్తువు ఎంచుకోవడమే పూర్తిగా పొరపాటని 1850లో షార్లెట్టే రాసింది. అక్క అంది కదా, నిజమే అయ్యుంటుందనుకున్నాను. తాగుబోతు భర్త దగ్గర్నుంచి కొడుకుని తీసుకుని పారిపోయి, బొమ్మలు వేసి అమ్ముకుని బతికే ఆడదాని కథ అది. ఆ డబ్బు కూడా చట్టం ప్రకారం భర్తదే అయిన రోజుల్లో, 1848లో రాసింది ఆన్. ఎంత గుండె ధైర్యం!

నేనూ అక్కనే. మీ అమ్మకి లెక్కలు రావని మా నాన్నగారితో అన్నది నేనే. ఆయన దాన్ని లెక్కలు తీసుకోనివ్వలేదు. దాని మార్కుల కాగితం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఈ సంగతి నీకు అది ఎప్పుడూ చెప్పి ఉండదు.

ఇంకొకటి. 1848 సెప్టెంబర్‌లో వాళ్ల సోదరుడు బ్రాన్‌వెల్, డిసెంబర్‌లో ఎమిలీ, మరుసటి మే నెలలో ఆన్. ఎనిమిది నెలల్లో ముగ్గురూ పోయారు. ఎమిలీ దాదాపు చివరిరోజు దాకా డాక్టర్ని రానివ్వలేదు. నువ్వూ అదే రకం, జ్వరమొస్తే ఎవరికీ చెప్పవు. ఈసారి అలా చేశావంటే ఊరుకోను. రెండు రోజులు దగ్గు తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లు, వెళ్లానని నాకు చెప్పు. ఉన్ని బట్టలు నేనే కొని పంపిస్తున్నాను.

నువ్వు ఆ నవల కొన్నావని విన్నాను. మొదటి పేజీ ఫోటో తీసి ఇవాళే వాట్సాప్‌లో పెట్టు. అక్కడ హాల్‌ఫర్డ్ పేరుతో ఉత్తరం ఉండాలి.

మీ పెద్దమ్మ