శాంటొరిని బదులు గోజో చూడండి
సెప్టెంబరు చివర్లో అమ్మానాన్నలతో ప్రశాంతంగా గడపాలని ఉంది, గ్రీసు ద్వీపం శాంటొరినిలో మెట్లు, జనం చూస్తే భయమేస్తోంది అన్నారు కదా. మాల్టాకు ఆనుకుని ఉన్న గోజో ద్వీపం మీకు సరిపోతుంది. మాల్టాలోని చిర్కెవ్వా రేవు నుంచి ఫెర్రీలో 25 నిమిషాలు, కారునూ ఎక్కించవచ్చు. బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి కాబట్టి సగం బెంగ తీరినట్టే. వీసా షెంగెన్‌దే (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది), ఇప్పుడే మొదలుపెట్టండి.

గోజో తీరంలోని మార్సల్‌ఫోర్న్ ఊళ్లో బస చూసుకుంటే, సాయంత్రం ష్వేని ఉప్పుమళ్ల వైపు నడవవచ్చు. సముద్రపుటొడ్డు రాతిలోనే తొలిచిన చిన్న చిన్న గళ్లు, అంచుల్లో తెల్లగా పేరుకున్న ఉప్పు. నాన్నగారు అక్కడి నుంచి కదలరేమో! పక్కనున్న కొమినో ద్వీపంలోని బ్లూ లగూన్ మాత్రం వద్దు, అక్కడ తిరునాళ్లే. గోజోలోని అజూర్ విండో అనే రాతి తోరణం ఫోటోలు చూసి మోసపోకండి, అది 2017లోనే కూలిపోయింది. అమ్మగారు శాకాహారులైతే అక్కడి ఫ్తీరా అనే రొట్టెలో ఆంకోవీ చేప వేయవద్దని ముందే చెప్పండి.