టెక్ సందేహాలు: ఖాళీగా వదిలేసినా ఎర్రరేనా?

ప్రశ్న: అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సు చేస్తూ, కూకట్‌పల్లిలో తెలిసినవాళ్ల డయాగ్నస్టిక్ సెంటర్‌కి పేషెంట్ల రిజిస్ట్రేషన్ ఫారం తయారు చేస్తున్నాను. ఈమెయిల్, ల్యాండ్‌లైన్ ఇష్టముంటేనే ఇవ్వొచ్చు. కానీ ఖాళీగా వదిలేసినా నేను రాసిన జావాస్క్రిప్ట్ ‘సరైన ఈమెయిల్ ఇవ్వండి’ అంటోంది. ఆ చెకింగ్ తీసేస్తే ఏది రాసినా వెళ్లిపోతోంది. పైగా ఈమెయిల్ లేని మొదటి పేషెంట్ సేవ్ అయ్యారు, రెండో పేషెంట్ దగ్గర డూప్లికేట్ ఎర్రర్ వచ్చింది. సోమవారం డెమో, టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: మీ కోడ్ ‘ఇది సరైన ఈమెయిలేనా?’ అని ఒక్కటే అడుగుతోంది. దానికి ముందు ‘ఇక్కడ ఏమైనా రాశారా?’ అని అడగాలి. రాయకపోతే వదిలేయండి. రాస్తే మాత్రం తప్పనిసరి గడిని చూసినంత కచ్చితంగా చూడండి. హెచ్‌టీఎంఎల్ పద్ధతి కూడా ఇదే: ‘రిక్వైర్డ్’ (తప్పనిసరి అనే గుర్తు) పెట్టకపోతే, ఖాళీ గడికి ‘ప్యాటర్న్’ (ఏ రూపంలో రాయాలో చెప్పే) నియమాన్ని బ్రౌజర్ వర్తింపజేయదు.

ఇక్కడ చాలామంది స్పేస్ దగ్గర దెబ్బతింటారు. ల్యాండ్‌లైన్ గడిలో పొరపాటున స్పేస్‌బార్ తగిలితే కంటికి ఖాళీగానే ఉంటుంది, కోడ్‌కి మాత్రం ఒక అక్షరం ఉన్నట్టే. అందుకే ముందు ‘ట్రిమ్’ చేసి (మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీలు తీసేసి), తర్వాత చూడండి. హైదరాబాద్ నంబరును కొందరు 040 పక్కన గీత పెట్టి, కొందరు మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు. ఆ గీతలూ ఖాళీలూ మీ కోడే తీసేయాలి, పేషెంట్‌ని విసిగించకూడదు. ఇదే చెకింగ్ సర్వర్‌లోనూ ఉండాలి. బ్రౌజర్‌లో ఉన్నదాన్ని ఎవరైనా దాటేయగలరు.

ఇక డూప్లికేట్ సంగతి. ఖాళీ గడి సర్వర్‌కి ఖాళీ స్ట్రింగ్‌గా, అంటే ఒక్క అక్షరమూ లేని విలువగా వస్తుంది. డేటాబేస్‌లో ఈమెయిల్ కాలమ్‌కి ‘యూనిక్’ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే నియమం) పెట్టి ఉంటారు, కాబట్టి రెండో ఖాళీ స్ట్రింగ్ మొదటిదానికి డూప్లికేట్ అయింది. సేవ్ చేసే ముందు దాన్ని ‘నల్’ (అసలు విలువే లేదనే గుర్తు) చేయండి, ఆ కాలమ్ నల్‌ని అనుమతించేలా మార్చండి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లలో యూనిక్ కాలమ్‌లో మామూలుగా ఎన్ని నల్‌లైనా ఉండొచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్ మాత్రం ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది. ఇప్పటికే సేవ్ అయిన ఖాళీ స్ట్రింగ్‌లను కూడా ఒకసారి నల్‌గా మార్చేయండి.

అసలు అక్కడ యూనిక్ ఎందుకో ఒకసారి ఆలోచించండి. అమ్మానాన్నలిద్దరి రిపోర్టులూ కొడుకు ఈమెయిల్‌కే రావాలనుకునే ఇళ్లు మన ఊళ్లో ఎన్నో. నేనైతే తీసేస్తాను. అలాగని ఈమెయిల్‌ని తప్పనిసరి చేసి గొడవ వదిలించుకోవద్దు. మా అమ్మను ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, ఈమెయిల్ లేనిదే ఫారం ముందుకు కదల్లేదు. కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఏదో ఒకటి టైపు చేశారు. అమ్మ రికార్డులో ఎవరిదో ఈమెయిల్ ఉండటం నాకు ఇప్పటికీ భయంగానే ఉంది. తప్పు ఈమెయిల్ కంటే ఖాళీ గడి వెయ్యి రెట్లు నయం.

ప్రశ్న (ఉప్పల్ నుంచి): ‘జీఎస్టీ బిల్లు కావాలి’ అని టిక్ చేస్తేనే జీఎస్టీ నంబరు గడి కనిపించేలా చేశాను. టిక్ చేయనివాళ్లకు సబ్మిట్ బటన్ పనిచేయడం లేదు, ఎర్రర్ కూడా కనిపించదు.

జవాబు: ఆ గడిని దాచారు గానీ, దానికి పెట్టిన ‘రిక్వైర్డ్’ అలాగే ఉంది. కనిపించని గడి దగ్గర బ్రౌజర్ ఎర్రర్ చూపించలేక ఫారంని ఆపేస్తోంది. దాచినప్పుడు గడిని ‘డిజేబుల్’ కూడా చేయండి. అప్పుడు చెకింగ్ జరగదు, టిక్ తీసేసేలోపు రాసిన నంబరు సర్వర్‌కి వెళ్లదు. టిక్ ఉంటే 15 అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. తెలంగాణ నంబర్లు 36తో మొదలవుతాయని అదే నియమంగా పెట్టకండి, విజయవాడ కస్టమర్ బిల్లు ఆగిపోతుంది.