పాఠకుల ప్రశ్నలు: ఏఐ చదువుకు మన పోస్టులు

ప్రశ్న: మాకు రొయ్యల గుంటలున్నాయి. ఆరేళ్లుగా ఫేస్‌బుక్ గ్రూపులో జబ్బు రొయ్యల ఫొటోలు, మేత లెక్కలు, ల్యాబ్ చీటీలు పెడుతున్నా. అవన్నీ ఏఐ కంపెనీలకు అమ్ముతున్నారంట. తీసేస్తే సరిపోతుందా?
– ఒక రైతు, విడవలూరు మండలం

జవాబు: అమ్ముకునేవాళ్లు వేరు, సొంతానికి వాడుకునేవాళ్లు వేరు. జనం చర్చలు రాసుకునే అమెరికా సైటు రెడ్డిట్ మొదటి రకం. తన డేటా లైసెన్సు ఒప్పందాల విలువ మొత్తం 20.3 కోట్ల డాలర్లని 2024 ఫిబ్రవరిలో పబ్లిక్ ఇష్యూ పత్రాల్లో అదే రాసింది. గూగుల్‌తో ఒప్పందం అప్పుడే బయటికొచ్చింది, మే నెలలో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ చేరింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా రెండో రకం. పబ్లిక్‌గా ఉన్న పోస్టులు, ఫొటోలు, కామెంట్లతో తన సొంత ఏఐకి శిక్షణ ఇస్తోంది.

కాబట్టి ముందు గ్రూపు పేరు కింద ఏముందో చూడండి. 'పబ్లిక్ గ్రూప్' అని ఉంటే మీ లెక్కలన్నీ బజార్లో ఉన్నట్టే. అడ్మిన్‌కు చెప్పి ప్రైవేటు చేయించండి. మీ సొంత పేజీలో పెట్టినవైతే, సెట్టింగ్స్‌లో పోస్ట్స్ దగ్గర 'లిమిట్ పాస్ట్ పోస్ట్స్' నొక్కితే పాత పబ్లిక్ పోస్టులన్నీ ఒక్కసారిగా ఫ్రెండ్స్‌కే పరిమితమవుతాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. గ్రూపుల్లో పెట్టినవాటికీ, ఇతరుల పబ్లిక్ పోస్టుల కింద రాసిన కామెంట్లకూ ఇది వర్తించదు. వాటిని యాక్టివిటీ లాగ్‌లో వెతికి ఒక్కొక్కటే తీయాలి.

తీసేసినా, ఇప్పటికే నేర్చుకున్న ఏఐ మోడల్‌లోంచి (ఏఐ ప్రోగ్రాంలోంచి) మీ ఫొటో వెనక్కి రాదు. అక్కడ అది ఫైలుగా ఉండదు, కోట్ల అంకెల్లో కలిసిపోయి ఉంటుంది. రాబోయే శిక్షణలకు దొరక్కుండా ఆపగలం, అంతవరకే. అయినా అన్నీ తీసేయమని మేం చెప్పం. అరచేతిలో రొయ్య, పెంకు మీద తెల్లమచ్చలు: ఆ ఫొటో సాటి రైతు పంట కాపాడొచ్చు, ఉంచండి. పక్కనే ఉన్న ల్యాబ్ చీటీలో మీ పేరు, ఫోన్ నంబరు కనిపిస్తుంటే మాత్రం ఆ ఫొటో తీసి, చీటీ కత్తిరించి మళ్లీ పెట్టండి.

ప్రశ్న: మేం చెక్క గరిటెలు, స్పూన్లు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతాం. ఖాతా ప్రైవేటు చేద్దామంటే ఆ మీటే కనపడలేదు. ఫొటో మీద పేరు వేస్తే ఏఐ వాడుకోకుండా ఉంటుందా?
– ఉదయగిరి నుంచి

జవాబు: బిజినెస్ ఖాతాకు ప్రైవేటు మీట ఉండదు. పర్సనల్ ఖాతాగా మార్చుకుంటేనే వస్తుంది, కానీ అప్పుడు కొత్తగా కొనేవాళ్లకు మీ సరుకు కనపడదు. పేరు వేయడం మనుషుల దొంగతనానికి కొంత అడ్డే గానీ శిక్షణను ఆపదు. గరిటె పూర్తి రూపం పబ్లిక్‌గా పెట్టండి. పిడి మీది చెక్కుడు పని దగ్గరి ఫొటోలు, ఇంకా అమ్మకానికి రాని డిజైన్లు ఆర్డరిచ్చేవారికే వాట్సాప్‌లో పంపండి. అక్కడ మీ ఇద్దరి మధ్య మెసేజీలు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మూడోవాళ్లు చదవలేని తాళంలో ఉంటాయి. అదే చాట్‌లో మెటా ఏఐని పిలిచి అడిగిందీ, దానికి పంపిందీ మాత్రం మెటాకు చేరుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ చివరి ఏడాది. లింక్డిన్ లేకుండా ఉద్యోగం కష్టమంటోంది. మన చట్టం ఏమీ కాపాడదా?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ప్రొఫైలు ఉంచుకుని శిక్షణ ఒక్కటే వద్దనొచ్చు. సెట్టింగ్స్‌లో 'డేటా ప్రైవసీ', అందులో 'డేటా ఫర్ జెనరేటివ్ ఏఐ ఇంప్రూవ్‌మెంట్' ఆఫ్ చేయమనండి. మనల్ని అడగకుండానే అది ఆన్‌లో ఉంటుంది. ఆఫ్ చేసిన రోజు నుంచే లెక్క, అంతకుముందు తీసుకున్నది తీసుకున్నట్టే. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) అయితే 'ప్రైవసీ అండ్ సేఫ్టీ' కింద దాని ఏఐ గ్రోక్ పేరుతో ఇలాంటి మీటే ఉంది.

చట్టం సంగతికొస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, మనంతట మనం బహిరంగంగా పెట్టిన వివరాలకు ఆ చట్టమే వర్తించదు. యూరప్‌లో 2025 మే 27న శిక్షణ మొదలుపెట్టే ముందు అక్కడివాళ్లకు వద్దని చెప్పే ఫారం మెటా ఇవ్వాల్సి వచ్చింది. ఒంగోలు పిల్లకు ఆ హక్కు లేకపోవడం అన్యాయం. అందుకే ప్రొఫైల్లో చదువు, ప్రాజెక్టులు ఉంచి, పుట్టినతేదీ, ఫోన్ నంబరు, హాల్‌టికెట్ నంబరున్న మార్కుల మెమో ఫొటో ఈరోజే తీసేయమనండి. మెమో కంపెనీవాళ్లు అడిగినప్పుడు మెయిల్లో పంపితే చాలు.